లక్క కరిగే వేడి: ఏటికొప్పాక బొమ్మల కథ

బొమ్మరిల్లు ఆట తెలిసిన తెలుగు ఇళ్లలో లక్కపిడతల పేరు వినని వాళ్లుండరు. బుల్లి పొయ్యి, దాని మీద గిన్నె, పక్కన తిరగలి, రోలు, రోకలి. అమ్మ వంటింట్లో ఏం చేస్తే పిల్లలు అరుగు మీద ఆ పిడతలతో అదే చేసేవారు. ఆ లక్క పనికి పేరుపడ్డ ఊరు అనకాపల్లి జిల్లాలో, ఎలమంచిలికి దగ్గర్లో, వరాహ నది ఒడ్డున ఉంది. అదే ఏటికొప్పాక.

బొమ్మల ఊళ్లు మనకు మరికొన్ని ఉన్నాయి. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను భాగాలుగా చెక్కి, అతికించి, కుంచెతో రంగులు వేస్తారు. ఏటికొప్పాక పనిలో కుంచె అవసరమే రాదు. ఇక్కడ బొమ్మకు ఆకారం వచ్చేది తిరుగుడులోంచి, రంగు ఎక్కేది రాపిడిలోంచి. అందుకే ఈ బొమ్మలకు మూలలుండవు. బొంగరమైనా, కుంకుమ భరిణ అయినా, పెళ్లికూతురు బొమ్మ అయినా అన్నీ గుండ్రటి ఒంపులే.

ఈ పనికి కావలసింది అంకుడు కర్ర. తెల్లగా, తేలికగా, ఉలికి వెన్నలా లొంగే కర్ర ఇది. కొమ్మల్ని తెచ్చి, బెరడు ఒలిచి, తేమ పోయేదాకా ఆరబెడతారు. పచ్చి మీద పని చేస్తే బొమ్మ తర్వాత బీటలిస్తుంది. ఆరిన ముక్కను తరిమెనకు బిగిస్తారు. పూర్వం ఒకరు తాడు లాగి తిప్పుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతోంది, అందరూ లేత్ అనే అంటున్నారు. మోటారు వచ్చినా కొలత మాత్రం పనివాడి కంట్లోనే ఉంటుంది. భరిణకు మూత సరిగ్గా కూర్చోవాలంటే ఉలి ఎక్కడ ఆగాలో ఆ చేతికే తెలియాలి.

తర్వాతిది లక్క. రేగు, మోదుగ వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురు ఇది. దాన్ని వేడి చేసి, సాగదీసి, రంగు కలిపి మర్దించి, కడ్డీలుగా చేస్తారు. బొమ్మ గిరగిరా తిరుగుతుండగా ఆ కడ్డీని దాని ఒంటికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. గట్టిగా ఆనిస్తే మరకలు కడుతుంది, మెల్లగా ఆనిస్తే పట్టదు. ఆఖరున ఎండు మొగలి రేకును అదిమి పడతారు. ఆ రేకు తగిలాక పూత అంతటా సమంగా పరుచుకుని, అద్దంలా తేలుతుంది.

ఈ కళ ఒకప్పుడు దారి తప్పబోయింది. బజారులో చవగ్గా దొరికే రసాయన రంగులు లక్కలోకి చేరాయి. పని తేలికైంది, రంగులు మిరుమిట్లు గొలిపాయి. కానీ పసిపిల్ల చేతిలో బొమ్మ ఎక్కువసేపు ఉండేది నోట్లోనే. సీసం వంటి లోహాలున్న రంగు ఆ నోటికి విషం.

ఆ ఊరి వాడే అయిన సి.వి. రాజు ఈ ప్రమాదాన్ని గుర్తించి మొక్కల రంగుల దారి వెతికారు. ఆ వెతుకులాట చిన్నది కాదు. బట్టకు అద్దే రంగు నీళ్లలో కరిగితే చాలు. లక్క నీళ్లను దగ్గరికి రానివ్వదు. గింజలోంచో బెరడులోంచో తీసిన రంగు వేడి లక్కలో మాడకుండా, ముద్ద కట్టకుండా కలిసిపోవాలి. పసుపు కొమ్ము నుంచి పసుపుపచ్చ, జాఫరా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం, పసుపు నీలం కలిపితే ఆకుపచ్చ. ఇలా ఒక్కో రంగుకూ పాళ్లు కుదిరించి, వాటిని కళాకారులకు నేర్పారు. ఆయన కృషికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లోనే దక్కింది. 2020 ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ బొమ్మల గురించి చెప్పారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటం మీద కర్తవ్యపథ్‌లో ఊరేగినవీ ఇవే. ఆ శకటానికి మూడో బహుమతి లభించింది.

గౌరవాలన్నీ బాగున్నాయి. వాటితో పాటు అంకుడు కర్ర కూడా కావాలి.

ఈ కర్ర తోటలో కొనుక్కునేది కాదు, చుట్టుపక్కల అడవుల నుంచి రావాలి. చెట్లు తగ్గేకొద్దీ కర్ర ధర పెరుగుతుంది, దొరకడం గగనమవుతుంది. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలవారు వాడేదీ ఇదే జాతి చెట్టు. అంకుడు కొట్టిన చోట మళ్లీ మొలకెత్తే మొక్క. పంచాయతీ భూముల్లో, పొలం గట్ల మీద, కాలువల వెంట దీన్ని నాటితే కొన్నేళ్లలో కళాకారులకు సొంత కర్ర అందుతుంది. శిక్షణ శిబిరాల మీద పెట్టే శ్రద్ధ నర్సరీల మీద కూడా పెడితే ఈ పనికి ముందుకాలం ఉంటుంది.

ప్రభుత్వం తలచుకుంటే ఎంత మేలు జరుగుతుందో బొమ్మల నాణ్యతా నిబంధనలే చెబుతాయి. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. ఇంటి అరుగు మీద లేత్ పెట్టుకున్న మనిషి ప్రయోగశాల పరీక్షల ఖర్చు ఎలా భరిస్తాడు? ఆ గడువుకు ముందే, 2020 డిసెంబరులో, హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మల అధీకృత తయారీదారులకూ మినహాయింపు ఇచ్చారు. పేరు నమోదు చేయించుకోని కళాకారుడికి ఆ మేలు అందదు. ప్రతి లేత్ దగ్గరికీ వెళ్లి పేర్లు రాయించడం అధికారుల పని.

ఇక మిగిలింది కొనేవారి పని. తమిళనాడు చెట్టినాడులో ఆత్తంగుడి గచ్చు పలకల సంగతి చూడండి. గాజు పలక మీద చట్రం పెట్టి, రంగు సిమెంటును నమూనా గళ్లలో పోసి, వెనక ఇసుక సిమెంటు అదిమి, నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టే పని అది. ఫ్యాక్టరీ టైల్స్ ముంచెత్తాక కూడా ఆ పలకలు నిలిచాయంటే, జనం వాటిని తమ ఇళ్లలో పరుచుకుని, వాటి మీద నడుస్తున్నారు కాబట్టే. ఏటికొప్పాకలోనూ గాజుల స్టాండు, మసాలా డబ్బా, పసిపిల్లల గిలక, చదరంగం పావులు అన్నీ చేస్తారు. అద్దాల బీరువాలో పెట్టే జ్ఞాపికగా ఏడాదికి ఒకటి అమ్ముడైతే కళాకారుడి పిల్లలు లేత్ దగ్గర కూర్చోరు. ఇంట్లో రోజూ వాడే వస్తువులుగా అమ్ముడైతే కూర్చుంటారు.

విశాఖ, తుని మధ్య జాతీయ రహదారి మీద వెళ్లేటప్పుడు ఎలమంచిలి దగ్గర బండి ఒక గంట పక్కకు తిప్పండి. లక్క కరుగుతుండగా చూడండి. మొక్కల రంగులేనా అని అడగండి. సంక్రాంతి బొమ్మల కొలువుకో, పుట్టినరోజు కానుకకో కావలసినవి, చేసినవారి చేతిలోనే డబ్బు పెట్టి తెచ్చుకోండి.