ముందు బ్రేకు, తర్వాతే హౌసింగ్

బండి వెనక ఇరుసు హౌసింగ్ దించడం బెజవాడ ఆటోనగర్‌లో పెద్ద పనేం కాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు తప్పించి, కమాను కట్టల మీది యు బోల్టులు వదిలిస్తే ఇద్దరు కుర్రాళ్లు పూట తిరక్కముందే కిందికి లాగేస్తారు. దాని చోట ఇంకోటి ఎక్కించడమూ అంతే. అసలు విద్య ఆ తర్వాత బయటపడుతుంది. ఎక్కించిన హౌసింగ్ కూత పెట్టకుండా తిరగాలి. నిండు లోడుతో బండి పక్కకు లాగకుండా ఆగాలి. ఈ రెండోదాన్ని ముందు ఆలోచించేవాడినే ఈ పేటలో మంచి మేస్త్రీ అంటారు.

కృష్ణా డెల్టాలో పాత డీజిల్ పికప్పులకు పని తగ్గలేదు. వేసవిలో నూజివీడు తోటల మామిడి నున్న మార్కెట్‌కు రావాలి. కైకలూరు చెరువుల చేప ఐసులో కదలాలి. కోతలప్పుడు ధాన్యం బస్తాలు కాలవగట్టు మీద నుంచి రోడ్డెక్కాలి. కొత్త బండి వాయిదాలు కట్టలేనివాడు ఉన్న బండినే నిలబెట్టుకుంటాడు. ఏళ్ల తరబడి బరువు మోసిన వెనక ఇరుసుకు బేరింగులు పోతాయి, క్రౌన్ పళ్లు అరుగుతాయి. అప్పుడతనికి రెండు దారులు: లోపలి సెట్ మార్చడం, లేదా తుక్కుకెళ్లిన పెద్ద బండి నుంచి గట్టి హౌసింగ్ తెచ్చి బిగించడం. రెండో దారి చూడ్డానికి చవక. దాని లెక్క మాత్రం యు బోల్టుల దగ్గర ఆగదు.

1960ల్లో రూపుదిద్దుకున్న జవహర్ ఆటోనగర్‌ను ఆసియాలోనే పెద్దదని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. దాని బలం విస్తీర్ణంలో కన్నా పని పంచుకునే పద్ధతిలో ఉంది. కమాన్లవాడు కమాన్లే చూస్తాడు. లేత్ షెడ్డు వేరు, లైనర్లు కొట్టేవాడు వేరు, క్రౌన్ పీనియన్ కూర్చేవాడు వేరు. 2014లో వచ్చిన ‘ఆటోనగర్ సూర్య’ ఒక మెకానిక్కును కథానాయకుణ్ని చేసింది. నిజం బండి విషయంలో ఒక్కడే కథానాయకుడు ఉండడు. ఒకరి పని ఇంకొకరి బల్ల మీదికి వెళ్తుంది, అక్కడ తప్పుంటే దొరికిపోతుంది. డ్రమ్ము వంకర తిరిగిందని లేత్ మేస్త్రీ చెప్పాకే లైనరు సంగతి తేలుతుంది. అక్కడ రాతలో లేని తనిఖీ ఇది.

పళ్ల లెక్క

తెచ్చిన హౌసింగ్‌లో మొదట చూడాల్సింది క్రౌన్‌కు ఎన్ని పళ్లు, పీనియన్‌కు ఎన్ని పళ్లు అని. పాత జీపు జాతి బండ్లలో 43కు 8 ఉన్న సెట్లూ ఉంటాయి, 39కి 8 ఉన్నవీ ఉంటాయి. మొదటిదాని నిష్పత్తి 5.375, రెండోది 4.875. పళ్లు తగ్గితే అదే వేగానికి ఇంజిన్ తొమ్మిది శాతం నెమ్మదిగా తిరుగుతుంది. హైవే మీద మోత తగ్గుతుంది, డీజిలూ కలిసొస్తుంది. బదులుగా లాగుడు తగ్గుతుంది, గట్టు ఎక్కేటప్పుడు గేరు దించాలి.

డ్రైవరుకు కనపడని మార్పు ఇంకొకటుంది. ఈ బండ్లలో స్పీడోమీటరు కేబుల్ గేరుబాక్సు వైపు నుంచి వస్తుంది. వెనక నిష్పత్తి మారిన సంగతి దానికి తెలియదు. ముల్లు 60 చూపిస్తుంటే బండి 66లో పోతుంటుంది. ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది గనుక అదే ముల్లు దగ్గర బ్రేకుల మీద పడే పని సుమారు 21 శాతం ఎక్కువ. అంటే ఇరుసు మార్చినవాడు తెలిసో తెలియకో బ్రేకు పని పెంచినట్టే. నాలుగు చక్రాలకూ లాగుడున్న బండైతే ముందు ఇరుసు నిష్పత్తీ మార్చి తీరాలి. లేకపోతే ముందూ వెనకా ఒకదాన్నొకటి బిగబట్టి గేర్లు విరుగుతాయి.

రంగు చెప్పే సాక్ష్యం

క్రౌన్ పీనియన్ కూర్చే బల్ల దగ్గర కాసేపు నిలబడితే ఈ విద్య నాణ్యం తెలుస్తుంది. మేస్త్రీ క్రౌన్ పళ్లు నాలుగైదింటికి రంగు ముద్ద పూస్తాడు. ఒక చేత్తో క్రౌన్‌ను కాస్త బిగబట్టి, రెండో చేత్తో పీనియన్ తిప్పుతాడు. రంగు చెదిరిన చోట పన్నుకు పన్ను తగిలిందన్నమాట. మచ్చ పంటి అడుగుకు జారితే పీనియన్ లోతుగా దిగింది. కొసకు ఎగబాకితే పైకి ఉంది. పలచని షిమ్ము ఒకటి తీసి, లేదా వేసి మళ్లీ తిప్పుతాడు. మచ్చ పంటి నడుమకు వచ్చేదాకా ఇదే పని. తర్వాత డయల్ గేజీ పెట్టి రెండు పళ్ల మధ్య ఆట కొలుస్తాడు. ఈ తరగతి బండ్లలో అది సుమారు 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్లు ఉంటుంది. చేత్తో ఆడించి చాల్లే అనేసిన సెట్టు నెల తిరక్కుండా కూత పెడుతుంది.

బిగించడంలోనూ కొలతే ప్రధానం. కమాను కూర్చునే పీటలు కొత్త హౌసింగ్ మీద వేరే దూరంలో ఉంటే కోసి వెల్డింగ్ చేయాలి. బండి బరువు చక్రాల మీద ఉంచి, పీనియన్ వంపు గేరుబాక్సు షాఫ్టుకు సమాంతరంగా తెచ్చాకే పీటలకు టాకాలు వేయాలి. ఒకేసారి పొడుగ్గా వెల్డింగ్ లాగితే వేడికి గొట్టం వంగుతుంది. అటో కుట్టు ఇటో కుట్టుగా వేసేవాడికి ఆ సంగతి తెలుసు. షాఫ్టు పొడవు మారితే లేత్ మీద కోయించి బ్యాలెన్స్ చేయించాలి, రెండు చివరల క్రాసులూ ఒకే వరసలో నిలవాలి. ఇవి తప్పితే బండి ఒక వేగం దగ్గర వణుకు మొదలెడుతుంది.

ఆపే విద్య

కమాండర్ జీపు కాలం నాటి పాత బండ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. డ్రమ్ములో ఒక సుఖం ఉంది: తిరిగే డ్రమ్మే ముందు షూను తనలోకి లాక్కుంటుంది, కాలి బలం తక్కువైనా పట్టు వస్తుంది. డిస్కుకు ఆ సాయం లేదు, వేడిని మాత్రం బయటికి తొందరగా వదులుతుంది. అందుకే బొలెరో లాంటి తర్వాతి బండ్ల భాగాలు తెచ్చి ముందు డిస్కులు అమర్చుకునేవాళ్లు బూస్టర్ కూడా పెట్టించాలి. డీజిల్ ఇంజిన్‌లో పెట్రోలు ఇంజిన్‌లా పీల్చే గాలి శూన్యం దొరకదు. ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంప్ ఉండి తీరాలి. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండర్లు కొన్ని పైపులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచుతాయి. అదే గొట్టం డిస్కుకు కలిపితే ప్యాడ్లు వదలకుండా రాసుకుని కాలుతాయి.

కొత్త హౌసింగ్‌తో వచ్చిన వీల్ సిలిండర్లు పెద్దవైతే ఆయిల్ ఎక్కువ కావాలి, పెడల్ కిందికి దిగుతుంది. మాస్టర్ సిలిండర్ పెద్దది వేస్తే పెడల్ పైకి వస్తుంది గానీ కాలికి గట్టిగా తగులుతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చేది కేటలాగు కొలతలే, కాలి అంచనా కాదు. వెనక చక్రాలు ముందే పట్టేసినా ప్రమాదమే, బండి అడ్డం తిరుగుతుంది. దాన్ని ఆపడానికి కొన్ని పికప్పుల్లో ఛాసీకీ ఇరుసుకూ మధ్య కడ్డీతో ఒక వాల్వు ఉంటుంది. బరువుకు ఛాసీ దిగితే అది వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. డెల్టాలో చాలామందికి అదనంగా రెండు కమాను పట్టీలు వేయించే అలవాటు. అప్పుడు నిండు లోడుకూ ఛాసీ దిగదు. బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకు తగ్గించేస్తుంది. కమాన్ల షెడ్డులో జరిగిన పనికి బ్రేకుల షెడ్డులో కడ్డీ సరిచేయకపోతే ఫలితం ఇదే.

గాలి తీయడం కడపటి పని. మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కుడి స్టీరింగ్ బండిలో అది వెనక ఎడమ చక్రం. బ్రేకు ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. కనీస ప్రమాణం ప్రకారం డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మూత తీసి నెలలుగా షెడ్డులో ఉన్న డబ్బా ఇక్కడి గాలిలో ఎందుకూ పనికిరాదు.

నీళ్ల సంగతి 2024 సెప్టెంబరులో బుడమేరు వరద గుర్తుచేసింది. సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్లకు ఇంజిన్లు చూపించుకున్నట్టు వెనక హౌసింగులు చూపించుకోవాలని అందరికీ తట్టదు. వేడి హౌసింగ్ చల్లబడుతూ గాలి రంధ్రం గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ప్లగ్గు విప్పితే ఆయిల్ పాలకాఫీ రంగులో వస్తుంది. ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగులకు తుప్పు మొదలవుతుంది. కాలవలు దాటే బండికి ఆ రంధ్రం నుంచి ఒక రబ్బరు గొట్టం పైకి తీసి ఛాసీ ఎత్తున కట్టడం చవకైన రక్ష.

చట్టం కూడా ఈ పనిలో భాగమే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటే నొక్కి చెప్పింది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. కాబట్టి అదే కంపెనీ, అదే తరగతి భాగాలు, బిల్లులతో సహా వేయించుకోవడం యజమానికి మేలు. హౌసింగ్ ఎంత గట్టిదైనా ఆర్‌సీలో రాసిన బరువు ఒక్క కిలో పెరగదు. ఛాసీ, టైర్లు, ముందు బ్రేకులు పాతవే కదా.

ఏది తెచ్చినా ఏదోలా తగిలించేస్తారనే పేరు ఆటోనగర్‌కు పొగడ్తగా చెలామణీ అవుతోంది. అది ఈ పేట విద్యను తక్కువ చేసే మాట. తగిలించడం ఎక్కడైనా జరుగుతుంది. పళ్లు లెక్కపెట్టడం, రంగు మచ్చ చదవడం, పక్క షెడ్డు పనికి తగ్గట్టు తన పని సరిచేసుకోవడం మాత్రం తరాల సాధనతో వచ్చినవి. బండి యజమాని చేయాల్సిందల్లా డబ్బు ఖర్చుపెట్టే వరస మార్చుకోవడం. చేతిలో ఉన్నది ఒక్క పనికే సరిపోతే డ్రమ్ములు, లైనర్లు, సిలిండర్లు ముందు చేయించుకోవాలి. గట్టి ఇరుసు కోసం ఇంకో సీజన్ ఆగినా కొంప మునగదు.