సామెత ఎవరి నోట? ప్రేమ, పెళ్లి, డబ్బు సామెతల్లో పరిహాసం

తెలుగు సామెతలను విస్తృతంగా గ్రంథస్థం చేసిన తొలితరం సంకలనకర్తల్లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ ముఖ్యుడు. ఆయన 'ఆంధ్రలోకోక్తి చంద్రిక' 1868లో మద్రాసులో వెలువడింది. ఇటువంటి సంకలనాలు సామెతను భద్రపరిచాయి గాని, అది పలికే సందర్భాన్ని అంతగా పట్టించుకోలేదు. ప్రేమ, పెళ్లి, డబ్బులపై వచ్చిన సామెతల్లో పరిహాసం ఎవరు ఎవరితో అంటున్నారనే దానిపైనే ఆధారపడుతుందని చూపడం ఈ వ్యాస లక్ష్యం. ఈ సామెతలు తెలుగునేలంతటా వినిపించేవే. అయినా బంగారు వ్యాపారానికి పేరొందిన ప్రొద్దుటూరు, నల్లరేగడి సేద్యం గల జమ్మలమడుగు, వాననే నమ్మి వేరుశనగ వేసే పులివెందుల మెట్టపల్లెలు వీటి అర్థాన్ని తూచడానికి అనువైన నేపథ్యాలు.

'వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయాలి' అని పెళ్లిళ్ల పేరయ్య అంటే అది అనుమతి. ఆస్తి విషయంలో మోసపోయిన వియ్యంకుడు అంటే నింద. 'పెళ్లాం బెల్లం, తల్లి అల్లం' అన్నది తల్లి నోట వాటా తగ్గిన ప్రేమను గురించిన ఫిర్యాదు. 'అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ' అన్నచోట పగిలింది కుండే. దాని వెల కట్టేది అధికారం. 'కలిమిలేములు కావడికుండలు' అని కరువు ఏట జమ్మలమడుగు రైతుతోనో, పులివెందుల రైతుతోనో షావుకారు అంటే ఖర్చులేని ఓదార్పు. రైతే షావుకారుతో అంటే హెచ్చరిక.

'బంగారు పళ్లేనికైనా గోడ చేర్పు కావాలి' అన్న సామెత మరింత కీలకమైనది. ప్రొద్దుటూరు అంగడిలో బంగారానికి తూకమే ప్రమాణం. స్త్రీ గురించి పలికినప్పుడు ఈ సామెత ఆమె విలువను ఒప్పుకుంటూనే, తనంతట తాను నిలబడే శక్తిని కాదంటుంది. నగలే కూతురి వాటాగా చెల్లినంత కాలం ఆ గోడ పుట్టింటిదో, మెట్టినింటిదో అయింది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కు కల్పించినా, అప్పటికే పెళ్లైనవారిని మినహాయించింది. 2005 కేంద్ర సవరణతో ఆ మినహాయింపు తొలగింది. గోడలోనే వాటా దక్కిన తరువాత కూడా ఈ సామెతను వల్లిస్తే, అది లోకానుభవం కన్నా వాటా ఇవ్వడానికి ఇష్టపడనివారి వాదనగానే ధ్వనిస్తుంది.

కాబట్టి సామెతల సేకరణలో పాఠంతోపాటు వక్తను, శ్రోతను, సందర్భాన్ని నమోదు చేయడం అవసరం. అప్పుడే ఆ పరిహాసానికి నవ్వినవారెవరో, నొచ్చుకున్నవారెవరో తెలుస్తుంది.