హైదరాబాదు నంబరు 12-ఎ

మాదాపురపు కార్యాలయములనుండి ‘ఆన్‌సైటు’ పేర లండనుకు వెళ్లి, వారమంతయు కంప్యూటరు తెరయెదుట గడిపి, ఆదివారమున ఏ రాజప్రాసాదమునో నదీతీరమునో చూచి మరలివచ్చు మన యువకులలో, ఆ నగరమునకు ఉత్తరమున హెండన్ ప్రాంతమునందున్న వైమానికదళ మ్యూజియమువైపు అడుగిడువారు కొందరే యుందురు. అడుగిడినవారు అచ్చట రెండు వరుసల రెక్కలు గల యొక పాత బాంబరును సమీపించి, దాని ముక్కుప్రక్కన వ్రాసియున్న ఇంగ్లీషు అక్షరములను చదివినచో, పరదేశపు సంతలో ఊరివాని గొంతు వినబడినట్లు తటాలున ఆగిపోవుదురు. నిజాము ప్రభువు బహూకరించినదనియు, దాని పేరు ‘హైదరాబాదు నంబరు 12-ఎ’ యనియు ఆ వ్రాత.

డి.హెచ్. 9ఎ జాతికి చెందిన ఈ విమానము సంఖ్య ఎఫ్1010. రెక్కల నిడివి దాదాపు 14 మీటర్లు. ముందు భాగమున పండ్రెండు సిలిండర్ల, 400 అశ్వశక్తుల అమెరికను లిబర్టీ ఇంజను. దాని వెనుక పైలటునకును పరిశీలకునకును రెండు గుంటలవంటి ఆసనములు. మొదటి ప్రపంచయుద్ధపు చివరి మాసములలో ఈ జాతి విమానములను అందరికంటె ముందుగా ఫ్రాన్సు రణరంగమునకు గొనిపోయిన 110వ స్క్వాడ్రనుకు ఆ విమానములు నిజాము దానముగా లభించినందున, దళమునకే హైదరాబాదు పేరు నిలిచినది. 1918 అక్టోబరు 5న జర్మనీపై దాడికి పోయిన ఎఫ్1010 తిరిగి రాలేదు. పైలటు ఇంగ్లిస్, పరిశీలకుడు బాడ్లీ యుద్ధఖైదీలైరి. వారికి ప్రాణములైనను దక్కినవి. అదే నెల 21న ఒక్క దాడిలోనే ఆ స్క్వాడ్రను ఏడు విమానములను కోల్పోయినది.

చేజిక్కిన విమానమును జర్మనులు బెర్లిను సంగ్రహాలయమున నిలిపిరి. రెండవ యుద్ధమున బాంబుల భయముచేత అది తూర్పునకు తరలి, యుద్ధానంతరము పోలండు దేశపు క్రాకోవ్ మ్యూజియమునకు చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైరునకు మారుగా ఇంగ్లండునకు తిరిగి వచ్చినది. అప్పటికి దానికి రెక్కలు లేవు. వాటిని క్రొత్తగా చేసి తొడిగి, 1983లో ప్రజలయెదుట నిలిపిరి.

ఆ యుద్ధము మనది కాదు. ధనము మాత్రము మనదే. నిజాము ఖజానాకు చేరిన ప్రతి రూపాయి వెనుక ఏ చెరువుక్రింది రైతు చెల్లించిన శిస్తో యుండక తప్పదు గదా! రెండవ యుద్ధములోను 152, 253 సంఖ్యలు గల రెండు దళములు హైదరాబాదు పేరు ధరించినవి. 152వ దళపు చిహ్నము నిజాము తలపాగా; దాని నినాదము ‘నమ్మిన మిత్రుడు’ అను అర్థము గల ఇంగ్లీషు మాట, నిజామునకు బ్రిటిషువారిచ్చిన బిరుదునుండి వచ్చినది. ఆ దళమున స్పిట్‌ఫైరు నడపిన డగ్లస్ షెప్లీ యను యువకుడు 1940 ఆగస్టు 12న ఇంగ్లండు దక్షిణతీరముచెంత శత్రువులను తరుముచు మరణించెను. అంతకుముందే అదే యుద్ధమున అతని సోదరుని, సోదరిని పోగొట్టుకొనిన ఆ తల్లి, అతని భార్యతో కలిసి, ఇరుగుపొరుగు ఊళ్లలో చందాలెత్తి, ఒక క్రొత్త స్పిట్‌ఫైరు వెలను సమకూర్చి, దానికి ‘షెప్లీ’ యని పేరు పెట్టించెను. ఆ విమానమును 1942 మార్చిలో విక్టర్ బీమిష్ అను అధికారి నడుపుచుండగా, అతనితోపాటు అదియు తిరిగి రాలేదు. మరణించినవానికై నిలిపిన స్మారకము సహితము మరణించుట యుద్ధమునందే చెల్లును.

శిథిల విమానమును బాగుచేయుట యను విద్య యొక్క అక్కర ఇచ్చటనే తెలియుచున్నది. రాతిస్తంభముపై చెక్కిన పేరు తనంత తాను నిలుచును. కర్ర, గుడ్డ, తీగ, జిగురు కలిసిన విమానమును మాత్రము ఎవరివో చేతులు కాపాడవలెను. మన దేవాలయ సంప్రదాయమున దీనికి జీర్ణోద్ధరణమని చక్కని పేరున్నది. బికనేరు కోటలోని ఏనుగులశాలలో మొదటి యుద్ధపు డి.హెచ్. 9 విమానముల శిథిలములు బయటపడినప్పుడు కర్రలో అధికభాగము చెదల పాలైయుండెను. ఇనుప బిగింపులు, రేకులు, కొన్ని తీగలు మాత్రము మిగిలినవి. ఇంగ్లండులోని నిపుణులు ఆ బిగింపుల రంధ్రములనే కొలతగా గ్రహించి, ఏ రంధ్రమునకు ఎంత మందపు కర్ర పొసగునో లెక్కించి, శరీరమును మరల అల్లిరి. ఒకటి డక్స్‌ఫర్డ్ మ్యూజియమున నిలిచినది. మరియొకటి 2019లో ఆకాశమునకే లేచినది.

కర్రపని మొదటి మెట్టు. ముడులు లేక, రేఖ తిన్నగా సాగిన స్ప్రూసు దూలములను, దెబ్బ తట్టుకొనవలసిన చోట యాషు కర్రను ఎన్నుకొందురు. ఒక దూలములో కొంత మాత్రమే కుళ్లినచో, దానిని అడ్డముగా కోసి ముక్క అతుకరు. అతుకు బలముగా నిలుచుటకు జిగురు పట్టు తలము విశాలమై యుండవలె గనుక, పాతకర్రను క్రొత్తకర్రను పొడవైన ఏటవాలుగా చెక్కి, ఒకదానిపై నొకటి పరుండబెట్టినట్లు కూర్తురు. మంచి వడ్రంగి చేసిన ఆ అతుకును కన్ను పట్టజాలదు. చేతితో తడిమినను వ్రేలికి తగులదు.

రెండవది వస్త్రము. అవిసెనారతో నేసిన లినెను గుడ్డను రెక్కకు సంచివలె తొడిగి, మైనము పట్టించిన దారమును పొడవైన దబ్బనముతో పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి పోనిచ్చి, రెక్కలోని ప్రతి పక్కెముకకు కొద్ది అంగుళముల కొకటిగా ముడి వేసి బంధింతురు. ఒక దారము తెగినను పొరుగు ముడి సడలకుండ ప్రతి ముడియు తనంత తాను బిగిసి నిలువవలెను. ముడుల వరుసపై అంచులు చీరి పీచు తేల్చిన పట్టీలను అంటించి, ఆ మీదట డోపు అను లేపనమును పొరలు పొరలుగా పూయుదురు. గోళ్లరంగును తలపించు ఘాటైన వాసన గల ఆ ద్రవము ఆరుకొలది గుడ్డ ముడుచుకొని బిగియును. చివరి పూతలలోని ఖాకీ రంగు ఎండనుండి నారను కాపాడును. పని కుదిరినదో లేదో వ్రేలితో తట్టి వినిన తెలియును. మన డప్పుల కళాకారులు మంటసెగకు చర్మమును చూపి, తట్టి, మరల చూపి, గొంతు కుదిరినదాకా వదలని తీరు చూచినవారికి ఈ పరీక్షలో వింత కనిపింపదు.

మూడవది తీగల బిగింపు. దుర్గంచెరువు వంతెనపై నిలిచి, కంబములనుండి దిగివచ్చు ఉక్కు త్రాళ్లను చూచినవారికి, ఒక త్రాడు సడలినచో భారమంతయు పొరుగు త్రాళ్లపై పడునని వేరుగ చెప్పనక్కరలేదు. విమానపు రెండు వరుసల రెక్కలను కలిపి నిలుపు తీగలకును అదియే ధర్మము. మేస్త్రీలు వాడు తూకపుగుండు, రసమట్టము ఈ పనిమంతులకును ప్రాణములే. రెక్క వాలును కొలిచి, ఒక మర అరచుట్టు త్రిప్పి, ఎదుటి తీగ బిగిసినదేమో తిరిగి కొలిచి, ఒక్క రెక్క సరిచూచుటకే దినములు గడపుదురు.

ఇంతవరకు నైపుణ్యము, ఇక శీలము. సైబర్ టవర్సునకు చేరువనున్న శిల్పారామమున ఒకనాడు మగ్గముచెంత కూర్చున్న నేతగాడొకడు తెగిన పోగును రెండు వ్రేళ్ల నడుమ పెట్టి మెలిపెట్టి అతుకుట చూచితిని. ‘ఏదీ, ఎక్కడ తెగిందో చెప్పు సారూ’ అని అతడు నవ్వెను, నేను చెప్పలేకపోయితిని. అతుకు కనబడకుండుట నేతగాని గౌరవము. విమానమును ఉద్ధరించువాని గౌరవమో, కనబడనంత నేర్పుగా అతికి, అతికినట్లు ఒప్పుకొనుటయందున్నది. క్రొత్తగా చేర్చిన ప్రతి కర్రపై లోపలివైపున తేదీ వేయుట, తీసిన పాతముక్కను పారవేయక భద్రపరచుట, ప్రతి దశను ఛాయాచిత్రములతో గ్రంథస్థము చేయుట ఈ వృత్తి యొక్క మర్యాదలు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపమును రాయి రాయిగా విప్పి, రాళ్లకు అంకెలు వేసి, ఏండ్లకొలది శ్రమించి 2024లో మరల నిలిపినవారును ఈ మర్యాదనే పాటించిరి. హైటెక్ సిటీలోని ఏ ప్రోగ్రామరును అడిగినను ఇందలి న్యాయమును వెంటనే గ్రహించును: మార్చినది ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చిరో వ్రాయక, పాతరూపమును దాచక, కోడులో ఒక పంక్తి నైనను మార్చుట వారి వృత్తిలోను అపరాధమే గదా!

తేదీ వేయని మరమ్మతు అబద్ధమగును. మృతునకు అబద్ధముతో గౌరవము చేయరాదు. శ్రీనగరమున 1947 అక్టోబరు 27న మన సైనికులను దింపిన డకోటా విమానపు వీపీ905 అను సంఖ్యను, ఇంగ్లండులో బాగుపడి 2018లో మన వైమానికదళమును చేరిన మరియొక డకోటా ధరించినది. దానిని బహూకరించిన రాజీవ్ చంద్రశేఖర్ తండ్రి డకోటాలు నడపిన వైమానికాధికారి. ‘పరశురామ’ యను ఆ విమానము ఆనాటిదే యని ఎవరును బుకాయింపలేదు. ఆ సంఖ్యను మోయుచున్నదని మాత్రమే చెప్పిరి. ఆ నిజాయితీవలననే సంఖ్యకు విలువ హెచ్చినది.

మన మాదాపురమున, రాయదుర్గమున ఒకప్పుడు నిలిచిన బండలనెన్నిటినో పిండిచేసి అద్దాల మేడలు కట్టితిమి. క్రొత్తది కట్టుట మనకు వచ్చును. పాతది ఏమైనదో వ్రాసియుంచుట ఇంకను రావలసియున్నది. ఉత్తరమున దుండిగల్ అకాడమీలో ఇప్పటికిని పిల్లలు పైలట్లుగా తయారగుచున్నారు. వారు ఎక్కు విమానములపై ఎవరి పేరును లేదు, ఉండనక్కరలేదు కూడ.

లండనులోని ఆ ముక్కుపై వ్రాతను తలచుకొనునపుడెల్ల నా మనస్సు నిజాము పేరుపై నిలువదు, అంకెపైనను నిలువదు. చివరనున్న చిన్న ‘ఎ’పై నిలుచును. ఆనాడు బహూకృత విమానమొకటి నశించినచో దాని పేరును మరియొకదానికి పెట్టు వాడుక యుండెను. 12-ఎ యని చదువునపుడు, ‘ఎ’ లేని వట్టి పన్నెండవది ఏమైనదో, అందు కూర్చున్న ఇద్దరు ఎవరో యని నేను వెదకుచుందును. బాగుచేసిన చేతులు ఆ అక్షరమును చెరిపివేయక యథాతథముగా నిలిపినవి. అందుచేతనే ఆ ప్రశ్న నేటికిని అడుగ వీలగుచున్నది.