మెడ దగ్గర రెండు వెయ్యో వంతులు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1943లో అమెరికా దుకాణాల్లో వేటగాళ్లకు బుల్లెట్లు దొరకడం గగనమైంది. కాలిఫోర్నియాలో ఓరోవిల్ అనే ఊళ్లో ఫ్రెడ్ హంటింగ్టన్ ఊరకే కూర్చోలేదు. తండ్రి లాండ్రీ వెనక గదిలో, కాల్చి పారేసిన 22 రిమ్‌ఫైర్ తొడుగులను బుల్లెట్ల పైకవచాలుగా మార్చే ఉక్కు అచ్చులు తయారుచేశాడు. ఆ బుల్లెట్లతో ఆయన వేటాడింది రాక్ చక్ అనే కొండ ఉడుత జాతి జంతువుని. దాని పేరే అచ్చుకూ పెట్టాడు: రాక్ చక్ బుల్లెట్ స్వేజ్. ఇవాళ రీలోడింగ్ (కాల్చిన తొడుగులను మళ్లీ నింపి తూటాలు చేసుకోవడం) సామాను అమ్మే ప్రతి కొట్లో కనిపించే ఆర్‌సీబీఎస్ అనే నాలుగక్షరాల పుట్టుక ఇదీ.

పొదుపు కోసం మొదలైన ఈ రీలోడింగ్ అలవాటు అమెరికాలో కచ్చితత్వం కోసం సాగే విద్యగా ఎదిగింది. 1975లో లూయీ పాల్మిసానో అనే శస్త్రచికిత్స వైద్యుడు, ఫెరిస్ పిండెల్ అనే పనిముట్ల నిపుణుడు కలిసి 6 మిల్లీమీటర్ల పీపీసీ తూటా రూపొందించారు. బల్ల మీద రైఫిల్ ఆనించి, కాగితం మీద ఒకే చిల్లులో నాలుగైదు బుల్లెట్లు దూర్చాలని చూసే బెంచ్‌రెస్ట్ పోటీల్లో దశాబ్దాల పాటు దానిదే రాజ్యం. ఆ పోటీదారులు కొన్న తూటాలతో బరిలోకి దిగరు. ఫ్యాక్టరీ తూటా రెడీమేడ్ చొక్కా లాంటిది, ఎవరి రైఫిల్ తూటా గది, అంటే ఛాంబర్‌లోనైనా పట్టాలి కాబట్టి కాస్త వదులుగానే ఉంటుంది. తన రైఫిల్ కొలతకు తూటా కుట్టుకోవాలంటే డై, అంటే ఉక్కు అచ్చు, కావాలి.

తూటాకు భాగాలు నాలుగే: ఇత్తడి తొడుగు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతిలో బుల్లెట్. పేల్చినప్పుడు మూడు పోతాయి, తొడుగు మిగులుతుంది. ఖరీదైన భాగం అదే. రాగి డెబ్భై పాళ్లు, జింకు ముప్ఫై పాళ్లు కలిసిన ఆ ఇత్తడి, పేలుడు ఒత్తిడికి ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గగానే పిసరంత వెనక్కి ముడుచుకుంటుంది కానీ పాత కొలతకు రాదు. సైజింగ్ డై దాన్ని నొక్కి మళ్లీ దారికి తెస్తుంది. మందు పోశాక సీటింగ్ డై బుల్లెట్‌ను సరైన లోతులో దించుతుంది. సీసా మెడ లాంటి తొడుగున్న రైఫిల్ తూటాలకు ఈ రెండు డైలు చాలు. మూడు డైల సెట్లు ఎక్కువగా నిటారు తొడుగుల పిస్తోలు తూటాలకు.

కొత్తవాడు తికమకపడేది సైజింగ్ డై దగ్గరే. మెడను మాత్రమే నొక్కే నెక్ డై ఒకటి, తొడుగు మొత్తాన్ని నొక్కే ఫుల్ లెంగ్త్ డై ఇంకొకటి. ఒకప్పుడు నెక్ డైకి పెద్ద పేరుండేది. మన ఛాంబర్ ఆకారానికి ఒదిగిపోయిన తొడుగును కదపడమెందుకు, ఇత్తడి కూడా ఎక్కువకాలం మన్నుతుంది కదా అన్నది వాదన. వినడానికి బాగానే ఉంటుంది. ఆచరణలో నాలుగైదు సార్లు పేల్చేసరికి తొడుగు బిగుసుకుపోయి బోల్టు మూయడానికే బలం పెట్టాల్సి వస్తుంది. అలా బలవంతంగా మూసిన రైఫిల్ బల్ల మీంచి కదులుతుంది, గురి కూడా కదులుతుంది. ఇప్పుడు బెంచ్‌రెస్ట్ వాళ్లలోనూ చాలామంది ఫుల్ లెంగ్త్ వైపే వచ్చేశారు. మొదటి డై అదే కావాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అయితే డై కొన్నంత మాత్రాన పని అయిపోదు, దాన్ని ఎంత లోతుకు దించామన్నదే అసలు సంగతి. డై, తొడుగు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్‌కు తగిలేదాకా దించి, ఆపై కొంచెం తిప్పమని చాలా పెట్టెల్లోని కాగితాలు చెబుతాయి. ఆ మాట వింటే తొడుగు భుజం, అంటే మెడ కింది వాలు భాగం, అవసరానికి మించి వెనక్కి పోవచ్చు. అప్పుడు ప్రతిసారీ ఇత్తడి ముందుకు సాగి, అడుగు దగ్గర గోడ పలచబడి, చివరికి తొడుగు రెండు ముక్కలవుతుంది. అందుకే కాలిపర్‌కు కంపారేటర్ తగిలించి భుజాన్ని కొలుస్తారు. 308 విన్‌చెస్టర్ తొడుగు పేల్చాక 1.633 అంగుళాలు చూపిందనుకోండి, సైజింగ్ తర్వాత 1.631 చూపాలి. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు ఒకటి, రెండు వెయ్యో వంతులు వెనక్కి నెడితే చాలు. డైల మరలు అంగుళానికి పద్నాలుగు చుట్లు, కాబట్టి ఒక వెయ్యో వంతు కదలాలంటే డైని సుమారు ఐదు డిగ్రీలు తిప్పాలి. కంటికి కనీకనబడనంత. తిప్పడం, నొక్కడం, కొలవడం, మళ్లీ తిప్పడం. తొందరపడేవాడికి ఇక్కడ చోటులేదు.

ఇక మెడ. మామూలు డై మెడను అవసరానికి మించి నొక్కేసి, తొడుగు కిందికి వచ్చేటప్పుడు లోపలి ఎక్స్‌పాండర్ గుండుతో మళ్లీ వెడల్పు చేస్తుంది. నొక్కి సాగదీసే ఈ పనిలో ఇత్తడి గట్టిపడుతుంది, ఒక్కోసారి మెడ వంకర పోతుంది. దీనికి విరుగుడే బుషింగ్ డై. అందులో మెడ కొలతను నిర్ణయించే ఉక్కు రింగును మనమే ఎంచుకుంటాం. లెక్క చిన్నదే. బుల్లెట్ వ్యాసం 0.308, మెడ గోడ మందం 0.015 అయితే, తయారైన తూటా మెడ 0.338 అంగుళాలు. అందులోంచి రెండు వెయ్యో వంతులు తీసేస్తే 0.336 బుషింగ్. బుల్లెట్‌ను ఆ రెండు వెయ్యో వంతుల బిగుతే పట్టి ఉంచుతుంది. కానీ తొడుగుల కంపెనీ మారితే గోడ మందం మారుతుంది, బుషింగూ మారాలి. రకరకాల తొడుగులు ఏరుకొచ్చి వాడేవాళ్లకు బుషింగ్ డై దండగ. వాళ్లు మామూలు డైతోనే, మెడ లోపల కాస్త నూనె రాసి పని కానిస్తే మేలు.

నూనె అన్నాను కనుక అదీ చెప్పాలి. తొడుగుకు నూనె పట్టించకుండా ఫుల్ లెంగ్త్ డైలోకి తోస్తే అది అక్కడే బిగుసుకుపోతుంది. అడుగున రంధ్రం వేసి, మర దింపి లాగితే తప్ప రాదు. ఎక్కువ రాస్తే భుజం మీద సొట్టలు పడతాయి. కార్బైడ్ డైకి నూనె అక్కర్లేదన్న మాట నిటారు తొడుగులకే చెల్లుతుంది.

సీటింగ్ డై విషయంలో డబ్బు కాస్త ఎక్కువ పెట్టినా పర్వాలేదు. రెడింగ్, ఫోర్‌స్టర్ కంపెనీల మైక్రోమీటర్ డైలలో తొడుగునూ బుల్లెట్‌నూ ముందే ఒకే గీతలో పట్టి ఉంచే స్లీవ్ ఉంటుంది. బుల్లెట్ వంకరగా దిగే అవకాశం తగ్గుతుంది. పొడవు మార్చాలంటే పైనున్న మర తిప్పి అంకె చూసుకోవడమే. మామూలు డై కూడా మంచి తూటానే చేస్తుంది, సర్దుబాటుకు ఎక్కువసేపు పడుతుందంతే. సన్నటి పొడవాటి మొనల బుల్లెట్లు వాడేట్టయితే సీటింగ్ స్టెమ్ మొనను కాకుండా దాని కింది వంపును పట్టుకుంటుందో లేదో చూసుకోవాలి. మొన స్టెమ్‌కు తగిలితే బుల్లెట్ దిగే లోతు ఒక్కోదానికి ఒక్కోలా వస్తుంది.

చేతిలో ఉన్న డబ్బంతా డైలకే పోయకండి. మంచి కాలిపర్, కంపారేటర్, తూకం, ప్రచురిత లోడింగ్ మాన్యువల్ లేకుండా మేలైన డై ఉన్నా ప్రయోజనం లేదు. మందు కొలత మాన్యువల్ చెప్పినదే, కనీస మోతాదు నుంచే మొదలు. పక్కవాడి లెక్క వద్దు.

ఇదంతా అమెరికా సంగతి. మన దగ్గర రైఫిల్ క్రీడంటే ఎక్కువగా ఎయిర్ రైఫిలూ, 50 మీటర్ల 22 రిమ్‌ఫైరూ. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. దానికి తూటాలే ఉండవు. రిమ్‌ఫైర్ తొడుగులో ప్రైమర్ మందు అంచు లోపలే ఉంటుంది గనుక దాన్ని మళ్లీ నింపడం కుదిరే పని కాదు. పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం భారతదేశంలో నేరం. అమెరికాలో సొంత వాడకానికి తూటా నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే మాత్రం కావాలి. అక్కడున్న మన కుర్రాళ్లు ఒక సంగతి మరవొద్దు: హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉన్నా ఫెడరల్ నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. డై కొనే ముందు ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోండి.