రచ్చబండ తీర్పూ, చిన్న పత్రిక పనీ

1995లో 'పెదరాయుడు' సినిమా వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన తమిళ 'నాట్టామై'కి ఇది తెలుగు రూపం. ఊళ్లో ఒక పెద్దింటి వంశం. తగువులు తీర్చే హక్కు ఆ వంశానిదే. పోలీసులతో, కోర్టుతో పని లేదు. పెద్దాయన నోటి మాటే చట్టం, ఆయన వేసే పెద్ద శిక్ష వెలి. సొంత తమ్ముణ్ణి సైతం వెలివేసినప్పుడు హాలంతా కళ్లు తుడుచుకుంది. సినిమా పత్రికలు ఎన్ని రోజులు ఆడిందో లెక్కగట్టాయి, రజనీకాంత్ అతిథి పాత్రని పొగిడాయి.

మేం అడిగేది వేరే ప్రశ్న. ఆ రచ్చబండ దగ్గర మాలపల్లెకి, మాదిగవాడకి కూర్చునే చోటుందా?

ఈ సినిమాకి నాలుగేళ్ల ముందు, 1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ హత్యలకి ముందు నడిచింది సాంఘిక బహిష్కరణ. అంటే వెలే గదా! తెర మీద ధర్మంగా కనిపించింది చుండూరు నేల మీద హత్యాకాండకి మొదటి మెట్టు. ఊరి పెద్దల తీర్పంటే ఏందో దళితులకి ఎవరూ సినిమా తీసి చెప్పక్కర్లేదు.

అందుకే చుండూరు దళితులు రచ్చబండని అడగలేదు, కోర్టుని అడిగారు. పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. కోర్టు కూడా మనల్ని ఓడిస్తుందన్నది నిజమే. కానీ ఆ తీర్పు మీద పైకోర్టుకి పోవచ్చు, తప్పని కాగితం మీద రాయొచ్చు. పెదరాయుడి తీర్పు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?

ఇలా అడగడానికి సొంత పత్రిక కావాలి. సినిమా పత్రిక బతికేది నిర్మాత ఇచ్చే ప్రకటన మీద. అన్నం పెట్టే చేతిని అది ఎంతవరకని నిలదీస్తుంది? కారంచేడు (1985) తర్వాత లేచిన తరానికి 1989లో మొదలైన 'నలుపు' పక్షపత్రిక అలాంటి జాగా ఇచ్చింది. దాని సంపాదకుడు బొజ్జా తారకం కవి, న్యాయవాది కూడా. పాటా, చట్టమూ వేరు వేరు గదుల్లో ఉండవని ఆ తరానికి తెలుసు. చందాలతో నడిచే పత్రికకి భయపడాల్సిన యజమాని లేడు. అదే దాని బలం. కాగితం ధర, తపాలా ఖర్చు, రాని చందా దాని ప్రాణం తీస్తాయి. 'నలుపు' కూడా ఎంతో కాలం నిలవలేదు.

ఉద్యమాల్లో ఒక మాట వినపడుతుంటుంది: సినిమా చెత్త, దాని మీద రాయడం దండగ. మేం ఒప్పుకోం. హీరో కటౌటుకి దండేసే కుర్రాళ్లలో మన వాడల పిల్లలున్నారు. వాళ్లని తిట్టే వ్యాసం వాళ్లు చదవరు. వాళ్లు ఈల వేసిన సీను దగ్గరే ఆగి, ఆ తీర్పు మీ నాయన మీద పడితే ఎట్లుంటదని అడిగే వ్యాసం కావాలి.

టీచర్లు, విద్యార్థులు ఈ పని ఇప్పుడే మొదలెట్టొచ్చు. ఒక సినిమా ఎంచుకోండి. వాడలో కుర్రాళ్లతో కలిసి చూడండి. వాళ్ల చేతే రాయించండి, వాళ్ల పేర్లతోనే అచ్చెయ్యండి. అటకల మీద మగ్గుతున్న పాత సంచికలు దించి వాళ్లకి ఇవ్వండి. రచ్చబండ మీద తీర్పు చెప్పాల్సింది ఇక వాళ్లే.