చేపు తెలిసిన యంత్రము

చేబ్రోలులో మా పశువులపాకలోనికి తెల్లవారుజామున మా అమ్మమ్మ అడుగుపెట్టిన ఘడియ మొదలు, ఆమె గేదెను పేరుపెట్టి పిలిచి, వీపు నిమిరి, దూడను విడిచి, అది నాలుగు చన్నులను మార్చిమార్చి చీకుచు తలతో పొదుగును పొడుచుచుండగా చూచి, పిదప దూడను తల్లి ముందర కట్టి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, చెంబును మోకాళ్ల నడుమ ఇరికించుకొని కూర్చుండువరకు, ఆమె చేతికి పాలు పితుకుటయను పని ఇంకను ప్రారంభమే కాలేదని నాకు చాల కాలము తెలియలేదు. తొందరపడి నేను చన్ను పట్టుకొన్న దినమున ఆమె నా చేయి తొలగించి, “ముందు దాన్ని పలకరించరా అబ్బాయ్. అది చేపితేనే పాలు. నువ్వు గుంజితే రావు” అన్నది.

ఆ చేపు అను మాటలోని శాస్త్రమును నేను తరువాత పుస్తకములలో చదువుకొంటిని. దూడ మూతి తగిలినప్పుడు, పరిచితమైన చేయి తగిలినప్పుడు, ఆ స్పర్శ మెదడును చేరి, పిట్యూటరీ గ్రంథినుండి ఆక్సిటోసిన్ అను స్రావము నెత్తుటిలో కలిసి పొదుగునకు వచ్చి, పాలగూళ్లను చుట్టిన సన్నని కండరములను బిగించును. అప్పుడే పాలు చన్నులలోనికి దిగును. పశువు బెదరినచో ఆ దారి మూసికొనును. దిగినను ఆ బిగువు కొలది నిమిషములే నిలుచును. సూదిమందుతో దీనిని బలవంతముగా తెప్పించువారిని నేను క్షమింపజాలను.

పాలు తీయుటకు యంత్రము కల్పింపబూనిన పాశ్చాత్యులు దూడ చీకు తీరును తెలిసికొనుటకు చాల కాలము పట్టినది. మొదట పక్షి ఈకల కాడలను, సన్నని గొట్టములను చన్నురంధ్రములలోనికి దోపి పాలు కార్చి, పొదుగులను చెడగొట్టిరి. 1860లో అమెరికాలో కోల్విన్ అనునాయన చేతితో ఆడించు పీల్పుపంపునకు పేటెంటు పొందెను. 1889లో స్కాట్లండులో మర్చిలాండు ఎడతెగని పీల్పుతో పాలు తీసెను. కాని విరామములేని ఆ పీల్పునకు చన్ను కొనయందు నెత్తురు నిలిచి పశువు బాధపడెడిది. దూడ అట్లు చీకదు గదా! అది పీల్చును, నాలుకతో అదుమును, గుటకవేయునప్పుడు విడుచును. ఆ విడుపును యంత్రమునకు నేర్పినవాడు గ్లాస్గో నివాసియగు షీల్స్. చన్నునకు తొడుగు గిన్నెను రెండు అరలుగా తీర్చినవాడు ఇరవయ్యవ శతాబ్దారంభమున ఆస్ట్రేలియాలోని గిల్లీస్. నేటికిని ప్రపంచమంతట నడచుచున్న పాలయంత్రమున పైన లోహపు తొడుగు, లోన రబ్బరు తొడుగు, రెంటి నడుమ నిమిషమునకు సుమారు అరువదిసారులు వచ్చిపోవు గాలి. గాలి వచ్చినప్పుడు రబ్బరు ముడుచుకొని చన్నును ఒత్తును, పోయినప్పుడు తెరచుకొని పాలు విడుచును. లోహముతోను రబ్బరుతోను కట్టిన దూడ నోరది!

యౌవనమున నేనును ఒక పంపు చేసితిని. సైకిలు పంపులోని వాషరును తిరగవేసిన అది ఊదుటకు మారు పీల్చును. దానికి ప్లాస్టిక్ గొట్టమును, మందుసీసా మూతతో చేసిన గిన్నెను తగిలించితిని. నాలుగు లాగులకు పాలు వచ్చినవి. అయిదవ లాగునకు గేదె కాలు విసరినది. చూడగా చన్ను కొన ఎర్రగా కందియుండెను. రెండు పూటలు అది నాకు చేపలేదు. ఆ ఎరుపును తలచుకొన్నప్పుడెల్ల నాకు ఇప్పటికిని మనసు కలుక్కుమనును. ఆవులకై కల్పింపబడిన గిన్నెలు మన గేదెలకు పూర్తిగా అమరకుండుటకు కారణములు కలవు: గేదె చన్నురంధ్రపు కండరము బిగువైనది, దాని పాలలో అధికభాగము చేపువరకు పైనున్న గూళ్లలోనే నిలిచియుండును, కనుక ముందుగా తగిలించిన యంత్రము వట్టి చన్నునే లాగును.

పాలు తీయుట ఒక ఎత్తు. తీసిన పాలలోనుండి నమూనా తీయుట మరియొక ఎత్తు. వడ్లమూడిలో సంగం డెయిరీ గల మా మండలమున వెన్నశాతము ఎరుగని ఇల్లు లేదు. ఏండ్లక్రిందట మా బంధువుల ఊరిలోని ఒక పాలకేంద్రమున, నిలిచిన క్యానును కలియబెట్టకయే అడుగునుండి గరిటెడు పాలు ముంచి శాంపిలుగా తీయుట చూచితిని. మీగడ పైకి తేలియున్నది. అడుగుపాలకు వెన్న తగ్గినది, వెన్నతో ధరయు తగ్గినది. రెండు గేదెలతో సంసారము ఈదు ఒక ఇల్లాలు చీటీ చూచుకొని మాటలాడక వెళ్లిపోయినది. ఆ సాయంకాలమే మూరెడు పొడవు సన్నని స్టీలు గొట్టమును కోయించి, కొనలు నునుపుచేయించితిని. దానిని క్యానులోనికి మెల్లగా, లోపలి పాలమట్టము వెలుపలి మట్టముతో సమముగా పెరుగునట్లు దించి, పైకొనను బొటనవ్రేలితో మూసి ఎత్తినచో, అడుగునుండి మీగడవరకు అన్ని పొరల పాలును ఒక్క స్తంభముగా వచ్చును. ముందుగా పాలను చక్కగా కలిపినచో మరియు మేలు. వెన్న కొలుచుటకు స్విట్జర్లండు దేశస్థుడగు గెర్బరు పద్ధతిలో పది మిల్లీలీటర్ల గంధకామ్లము, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు చేర్చి తిప్పినను, నేటి యంత్రములు నిమిషములో అంకె చూపినను, తప్పుగా తీసిన శాంపిలును దిద్దగల పరికరము లేదు.

నాకు అన్నిటికంటె ప్రియమైన నమూనా పరికరము కాలిఫోర్నియాలో షాల్మ్, నూర్లాండర్ అనువారు 1957లో ప్రకటించిన నాలుగు గుంటల తెడ్డు. పొదుగువాపు పైకి కనబడకమునుపే కనిపెట్టుటకు, తొలిధార విడిచి, ఒక్కొక్క చన్నుపాలను ఒక్కొక్క గుంటలో పిండి, తెడ్డు వంచి గీతవరకు ఉంచి, తక్కినది ఒలకబోసి, అంతే మందు కలిపి గుండ్రముగా తిప్పిన, పది సెకన్లలో జబ్బు చన్నుపాలు జిగురై సాగును. మందులోని సబ్బుగుణము చీముకణములను పగులగొట్టగా వెలువడిన పదార్థమే ఆ జిగురు. ఫైసలాబాదు పశువైద్యులు ఆ మందునకు మారుగా నూటికి మూడు పాళ్ల సర్ఫు నీళ్లు చాలునని చూపిరి. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కోనేటి నడుమ కట్టించిన మా చతుర్ముఖ బ్రహ్మ గుడికి పోయినప్పుడు, నాలుగు దిక్కులను నాలుగు ముఖములతో విడివిడిగా చూచు ఆ మూర్తి ఎదుట నాకు ఆ తెడ్డు జ్ఞాపకమునకు వచ్చును. పాలన్నియు ఒకే చెంబులో కలిసిపోయిన తరువాత ఏ చన్ను బాధపడుచున్నదో ఎవరు చెప్పగలరు?

తల్లి భుజము నొప్పి చూడలేక ఏండ్లతరబడి శ్రమించి 1999లో, నేతదారమును మేకులచుట్టు తిప్పు ఆసుయంత్రమును పూర్తిచేసి దానికి ఆమె పేరే పెట్టిన చింతకింది మల్లేశము గారి కృషియు, దక్షిణ కన్నడమున చేతితో నడుపు పాలయంత్రమును తీర్చిన రాఘవ గౌడ గారి కృషియు నాకు ఆశ కలిగించుచున్నవి. ఇరువురును పనిచేయు చేతుల ప్రక్కన మసలినవారు.

వడ్లమూడి కళాశాలలలో యంత్రవిద్య అభ్యసించు యువకులారా, యువతులారా! గేదె చన్నునకు అమరు రబ్బరు తొడుగును, రెండు గేదెలున్న ఇల్లాలు కొనగల చేతియంత్రమును మీరు చేయవలసియున్నది. కాగితముపై గీత గీయుటకు ముందు ఒక నెల దినములు మా పాకకు రండు. నాలుగున్నరకు పాలు తీయుదుము; దూడను మీరే విడువవచ్చును.