పౌలు పత్రికయందలి పురుషభేదము

పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికయందు ఆత్మప్రశంస విచిత్రగతిఁ దాల్చినది. తమ్ముఁ దామే పొగడుకొను ప్రత్యర్థులకు బదులుగా నతఁడు, అవివేకివలెఁ బలుకుచున్నానని చెప్పుకొని, లెక్కకు దిగెను: 39 దెబ్బల చొప్పున 5 మాఱులు, బెత్తములతో 3 మాఱులు, ఓడ పగులుట 3 మాఱులు. ఇంతవఱకు నిది గొప్పయే. పడిన కష్టములను లెక్కించువాఁడును గర్వింపఁగలఁడు. కాని యా పట్టిక తుదిని వచ్చినది దమస్కు గోడనుండి గంపలో దింపఁబడి తప్పించుకొన్న వృత్తాంతము! వీరగాథ కిట్టి ముగింపు నేకవి కోరును?

12వ అధ్యాయమున మూఁడవ యాకాశమునకుఁ గొనిపోఁబడినవాని కథ ప్రథమపురుషమున నున్నది. ఆ మనుష్యుఁడు పౌలే యనుట పెక్కు వ్యాఖ్యాతల మతము. అదియే యుక్తము, ఏలయన, దర్శనములవలన గర్వము కలుగకుండుటకై ముల్లు గ్రుచ్చుకొన్నది పౌలునకే. మహిమకుఁ బ్రథమపురుషము, ముల్లునకు నుత్తమపురుషము. దీనిని వ్యాజస్తుతి యనుట పొసఁగదు. అందు స్తుతి మఱుఁగుపడును. ఇచట స్తుతి స్పష్టము, స్తుత్యుఁడే మఱుఁగు.